ఐడ్లింగ్‌లో కారు ఊగుతోందా? స్కానర్, మెకానిక్, సర్వీస్ సెంటర్: ఏది మేలు?

సిగ్నల్ దగ్గర ఆగి ఇంజిన్ ఐడ్లింగ్‌లో (యాక్సిలరేటర్ నొక్కకుండా) తిరుగుతుండగానే స్టీరింగ్ వణుకుతుంది, డ్యాష్‌బోర్డులో ఎక్కడో ప్లాస్టిక్ టకటకలాడుతుంది. గ్రీన్ పడి యాక్సిలరేటర్ నొక్కితే అంతా సర్దుకుంటుంది. దీని సంగతి తేల్చుకోవడానికి మన ముందు మూడు దారులున్నాయి. ఫోన్‌కి కలిసే చిన్న స్కానర్ కొని మనమే చూసుకోవచ్చు, తెలిసిన మెకానిక్ చేతికివ్వచ్చు, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో వదిలి రావచ్చు. నాలుగో దారి కూడా ఉంది, ఎక్కువ మంది నడిచేది దాంట్లోనే: ఎవరో చెప్పారని ముందు ప్లగ్గులు (పెట్రోల్‌ని అంటించే స్పార్క్ ప్లగ్గులు), తగ్గకపోతే కాయిళ్లు (వాటికి కరెంటు అందించేవి), ఇంకా తగ్గకపోతే మౌంటింగులు (ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు), ఇలా మార్చుకుంటూ పోవడం. దాన్ని పోలికలోకి తీసుకోవడం లేదు. అది పరీక్ష కాదు, లాటరీ.

ఏ దారిలో వెళ్లినా ముందు ఒక ప్రశ్నకి జవాబు కావాలి. ఇంజిన్ తిరగడంలోనే తేడా ఉందా, లేక ఇంజిన్ బాగానే తిరుగుతున్నా దాని వణుకు బాడీలోకి దిగుతోందా? వెనక్కి వెళ్లి సైలెన్సర్ చప్పుడు వినండి. చప్పుడు ఒకే లయలో వస్తూ, ఆర్పీఎం ముల్లు కదలకుండా నిలబడి, బండి మాత్రం ఊగుతుంటే మౌంటింగుల్ని అనుమానించాలి. చప్పుడు మధ్య మధ్యలో తెగుతూ, ముల్లు పడుతూ లేస్తూ ఉంటే అది మిస్సింగ్, అంటే ఏదో సిలిండర్ సరిగా మండకపోవడం. టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు నూనెతో ఇంజిన్ బలాన్ని గేర్లకి అందించేది) ఉన్న ఆటోమేటిక్ అయితే ఇంకో పరీక్ష ఉంది: బ్రేక్ మీద కాలుంచి డీ (డ్రైవ్)లో ఎంత ఊగుతోందో చూసి, ఎన్ (న్యూట్రల్)లోకి మార్చండి. గట్టిగా తగ్గిపోతే మౌంటింగుల మీద అనుమానం పెరుగుతుంది. ఏఎమ్‌టీ బళ్లకి (మామూలు గేర్‌బాక్సే అయినా క్లచ్, గేరు యంత్రమే మార్చేవి) ఈ పరీక్ష పనికిరాదు. బండి ఆగి ఉన్నప్పుడు వాటిలో క్లచ్ విడిపోయే ఉంటుంది, డీ అయినా ఎన్ అయినా ఇంజిన్‌కి పెద్ద తేడా ఉండదు.

ఈ రెండు వణుకులూ చేతికి వేరువేరుగా తెలియడానికి కారణం ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 750 ఆర్పీఎం దగ్గర సెకనుకు 25 సార్లు మండుతుంది. అంత వేగంగా వచ్చే చిన్న కుదుపుల్ని మౌంటింగ్ రబ్బరు చాలావరకు మింగేస్తుంది. అందులో ఒక సిలిండర్ పని మానేస్తే సెకనుకు దాదాపు ఆరుసార్లు ఖాళీ పడుతుంది. అంత నెమ్మదైన, పెద్ద కుదుపుని రబ్బరు ఆపలేదు, నేరుగా సీట్లోకి వస్తుంది. మూడు సిలిండర్ల ఇంజిన్‌కి ఈ లెక్క ఇంకొంచెం కష్టం. అదే 750 దగ్గర అది సెకనుకు సుమారు 19 సార్లే మండుతుంది, పైగా ముందుకీ వెనక్కీ ఊగే గుణం దాని నిర్మాణంలోనే ఉంది. ఆల్టో కె10, ఒక లీటరు వ్యాగన్ ఆర్, పెట్రోల్ టియాగో, క్విడ్, 2024లో వచ్చిన కొత్త స్విఫ్ట్ అన్నీ ఈ కోవలోవే. పాత నాలుగు సిలిండర్ల స్విఫ్ట్ అలవాటైన చేతికి కొత్తది వణుకుతున్నట్టే ఉంటుంది. అలాంటప్పుడు అదే మోడల్ ఇంకో బండిలో ఐదు నిమిషాలు కూర్చుని చూడటమే సరైన పరీక్ష. ఆ బండీ అంతే వణికితే స్కానర్‌తో పని లేదు, మెకానిక్‌తో పని లేదు.

ఇక స్కానర్ సంగతి. 2013 ఏప్రిల్ తర్వాతి బీఎస్-4 కార్లన్నిటికీ, బీఎస్-6 కార్లకీ స్టీరింగ్ కింది భాగంలో ఇంజిన్ కంప్యూటర్‌తో మాట్లాడే 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది. బ్లూటూత్ డాంగుల్ (పైన చెప్పిన చిన్న స్కానర్ ఇదే) దాంట్లో గుచ్చి ఫోన్‌లో యాప్ తెరిస్తే చాలు. చాలామంది అక్కడ లోపం కోడ్ చూసి ఆగిపోతారు, తప్పంతా అక్కడే జరుగుతుంది. పీ0301 అంటే ఒకటో సిలిండర్‌లో మిస్‌ఫైర్ (మిస్సింగ్) అని మాత్రమే. అది ప్లగ్గు వల్లా, కాయిల్ వల్లా, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ వల్లా, కంప్రెషన్ (సిలిండర్ లోపలి ఒత్తిడి) పోవడం వల్లా అన్నది స్కానర్‌కి తెలియదు. పీ0171 వస్తే మిశ్రమంలో పెట్రోలుకి మించి గాలి ఉందని అర్థం. ఆ సంగతి పసిగట్టే ఆక్సిజన్ సెన్సార్ పోయిందని కాదు. పాపం, ఉన్నమాట చెప్పినందుకు ఆ సెన్సార్‌నే పీకి పారేసేవాళ్లు చాలామంది.

డాంగుల్ అసలు విలువ లైవ్ డేటాలో ఉంది, ముఖ్యంగా ఫ్యూయల్ ట్రిమ్‌లో. మిశ్రమాన్ని సరిచేయడానికి కంప్యూటర్ పెట్రోల్ ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో అది చెబుతుంది. అటూ ఇటూ పది శాతం లోపు ఉంటే కంగారు లేదు. ఐడ్లింగ్‌లో ప్లస్ 20 ఉండి, 2500 ఆర్పీఎం దగ్గర పట్టి ఉంచితే ప్లస్ 5కి పడిపోయిందనుకోండి, ఎక్కడో గొట్టం చీలి దొంగగాలి లోపలికి పోతోంది. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చేదే కాస్త గాలి కాబట్టి లీకు వాటా పెద్దదిగా కనిపిస్తుంది, వేగం పెరిగితే ఆ వాటా చిన్నదైపోతుంది. దీనికి తిరగేసి, వేగం పెంచినకొద్దీ ట్రిమ్ కూడా పెరుగుతుంటే పెట్రోల్ సరిపడా అందడం లేదు, పంపునో ఫిల్టర్‌నో చూడాలి. ఇంత సమాచారం బానెట్ ఎత్తకుండా మెకానిక్ ఎవరూ చెప్పలేరు. ఒక్క మాట గుర్తుంచుకోవాలి: గాలిని నేరుగా కొలిచే సెన్సార్ కాకుండా మ్యాప్ సెన్సార్ (ఇంజిన్ గాలి పీల్చే గొట్టంలో ఒత్తిడి కొలిచేది) మీద నడిచే బళ్లలో గొట్టం చీలినా ట్రిమ్ ఇంత స్పష్టంగా మారదు. వాటిలో ఐడ్లింగ్ ఉండాల్సిన దానికంటే పైకి పోవడమే గుర్తు.

మౌంటింగ్ చిరిగితే ఏ కోడూ రాదు. స్కానర్‌కి అదొక గుడ్డిచోటు.

మెకానిక్ చెయ్యి గెలిచేది మిస్సింగ్ దగ్గర. ఒకటో సిలిండర్ కాయిల్‌ని రెండో దాని మీద, రెండో దాన్ని ఒకటో దాని మీద పెట్టి, కోడ్ చెరిపి మళ్లీ స్టార్ట్ చేస్తారు. చెరిపే ముందు కోడ్ ఫొటో తీసుకోండి, తర్వాత వెతికినా దొరకదు. కోడ్ పీ0302కి మారితే దొంగ కాయిలే. కదలకపోతే ప్లగ్గుల్ని కూడా అలాగే అటూ ఇటూ మార్చి చూడాలి, ఆ తర్వాత ఇంజెక్టర్, చివరికి కంప్రెషన్ గేజ్. కాయిళ్ల వరకైతే పావుగంట పని, ఒక్క సామానూ కొనక్కర్లేదు. ఊడదీసిన ప్లగ్గు కూడా చాలా చెబుతుంది. నూనె తడి ఉంటే లోపలికి ఆయిల్ దిగుతోంది, పెట్రోల్ తడి ఉంటే మంట అంటుకోవడం లేదు. కోడ్ అసలే రాని బండి అయితే ఇంజెక్టర్ కనెక్టర్లు ఒక్కొక్కటీ పీకి చూస్తారు. ఏది పీకినప్పుడు చప్పుడు మారదో ఆ సిలిండరే పని చేయడం లేదన్నమాట. నడుస్తున్న ఇంజిన్‌లో కాయిల్ పీకే పాత అలవాటు మాత్రం వద్దు. షాక్ కొడుతుంది, మండని పెట్రోల్ పొగని శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని పాడుచేస్తుంది.

ఆటోనగర్‌లో మంచి చెయ్యి ఉన్నవాళ్లు ఇవన్నీ చెవితోనే సగం తేలుస్తారు. వాళ్లతో చిక్కల్లా మొదటి అనుమానం. ఎక్కువ బళ్లలో థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే భాగం) మసి పట్టి ఉంటుంది కాబట్టి ప్రతి బండికీ అదే కడుగుతారు. కడగడం మంచిదే, కానీ కొన్ని బళ్లలో ఆ తర్వాత కంప్యూటర్‌కి ఐడ్లింగ్ మళ్లీ నేర్పించాలి. ఆ పని చేయకపోతే వచ్చేటప్పటికంటే పోయేటప్పుడే ఎక్కువ ఊగుతుంది. సెల్లార్‌లో పెట్టే బళ్లకి వానాకాలంలో నేను ముందు చూడమనేది ఎలుక కొరికిన వైర్లని. దీనికి కావాల్సింది టార్చిలైటు ఒక్కటే.

సీఎన్‌జీ కిట్ ఉన్నవాళ్లకి ఇంకో సుళువు ఉంది. స్విచ్ పెట్రోల్‌కి మార్చండి. వణుకు పోతే సీఎన్‌జీ ఫిల్టరో, ఇంజెక్టరో, లేదా బలహీనపడ్డ ప్లగ్గో కాయిలో. గ్యాస్‌ని అంటించడానికి స్పార్క్ గట్టిగా ఉండాలి కాబట్టి పాత ప్లగ్గు పెట్రోల్ మీద నెట్టుకొచ్చినా సీఎన్‌జీ మీద దొరికిపోతుంది. ఈ మధ్య అన్నిటికీ ఈ20 పెట్రోల్‌ని (20 శాతం ఇథనాల్ కలిపినది) తిట్టడం అలవాటైంది. ఒకే సిలిండర్‌లో మిస్సింగ్ ఉంటే ఆ మాట నిలవదు, సిలిండర్లన్నీ తాగేది ఒకే ట్యాంకులోది. బంకులో కొట్టించుకున్న గంటలోనే అన్ని సిలిండర్లూ తడబడితే అప్పుడు పెట్రోల్‌లో నీళ్లున్నాయేమో చూడాలి.

సర్వీస్ సెంటర్ గురించి చెప్పడానికి ఇంత లేదు. వారంటీ ఉంటే ఆలోచించక్కర్లేదు, అక్కడికే వెళ్లాలి. బయట కాయిల్ విప్పించి తర్వాత వాదన పెట్టుకోవడం అనవసరం. కంపెనీ స్కానర్ ఏ సిలిండర్ ఎన్నిసార్లు తప్పిందో లెక్క చూపిస్తుంది, ఐడ్లింగ్ నేర్పిస్తుంది, సాఫ్ట్‌వేర్ మారుస్తుంది. డాంగుల్‌తో ఇవన్నీ కుదరవు. వారంటీ దాటాక మాత్రం అక్కడ చిన్న భాగం బదులు మొత్తం సెట్టు మార్చే ధోరణి ఉంటుంది. పైగా మీ బాధ వినే అడ్వైజర్ ఒకరు, బానెట్ ఎత్తేవాళ్లు వేరొకరు.

వారంటీ దాటిన పెట్రోల్ బండికి నా ఓటు మొదటి రెండిటి జోడీకి: డాంగుల్‌తో కోడూ ట్రిమ్మూ మీరు చూసుకుని, ఆ ఫొటోలతో మెకానిక్ దగ్గరికి వెళ్లి కాయిళ్లు అటూ ఇటూ మార్చి చూడమనండి. రెండిట్లో ఒక్కటే కుదిరితే మెకానిక్కే. స్కానర్ చూపించిన సిలిండర్‌ని ఆయన స్కానర్ లేకుండానే పట్టుకోగలడు, మౌంటింగ్ కూడా చూడగలడు. డీజిల్‌కి ఈ జోడీ అంతగా పనికిరాదు. అక్కడ స్పార్క్ ప్లగ్గులూ కాయిళ్లూ లేవు, ఇంజెక్టర్ల రిటర్న్ గొట్టాలకి సీసాలు పెట్టి ఏది ఎక్కువ కారుస్తోందో కొలవాలి. ఆ పని డీజిల్ ఇంజెక్టర్లు బాగుచేసే షాపులో చేయించడమే నయం.

చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఉండటం వేరు, మిణుకు మిణుకుమనడం వేరు. మిణుకుతుంటే మిస్సింగ్ అనేది కెటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేసే స్థాయిలో ఉందని అర్థం. అప్పుడు బండి నడపకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడే ఊగి, వేడెక్కాక మానేసే బండి అయితే స్టార్ట్ చేసిన మొదటి నిమిషం ఆర్పీఎం ముల్లు కనిపించేలా, చప్పుడు వినిపించేలా వీడియో తీసి పెట్టుకోండి. షాపు చేరేసరికి అది ఊగదు. వీలైతే ముందురోజు సాయంత్రమే బండి అక్కడ వదిలేసి, పొద్దున మొదటి స్టార్ట్ మెకానిక్ చేతే చేయించండి.