కళ్లముందు కోసిన మటనే కదా అని నమ్మకండి

గత ఆదివారం చుట్టాలు వస్తున్నారని హైదరాబాదులో మా కాలనీ పక్కనే ఉన్న మటన్ కొట్టుకు వెళ్లాను. కొట్టు పేరు రాయను. "ఇప్పుడే కోస్తున్నాను సార్, రెండు నిమిషాలు" అన్నాడు యజమాని. తాజా మాంసమని మురిసిపోయాను.

వెనక్కి తొంగి చూస్తే మురుగుకాలువ గట్టునే కోత. తోలు తీసిన మేక నేలమీదే ఉంది. బోటీ కడిగినా, కత్తి కడిగినా, చేతులు కడిగినా అదే బకెట్టు. పేగులు కుక్కలకు విసిరేస్తున్నారు. తొడమీద నగరపాలక సంస్థ ముద్ర లేదేమని అడిగాను. "మీ ముందే కోశాను కదా, ఇంకా ముద్ర ఎందుకు?" అని నవ్వాడు. ఆ జవాబు నాకూ సబబుగానే తోచింది. ఇంత చూసి కూడా మూడు కిలోలు కొన్నాను!

రాత్రికి ఇంట్లో నలుగురికి వాంతులు, విరేచనాలు. కూర బాగానే ఉడికింది. అయితే పచ్చి మటన్ పెట్టిన చెక్కమీదే నంజుకోవడానికి ఉల్లిపాయలు కోశాం. కారణం అదేనని రుజువు చేయలేను కానీ నా అనుమానం మాత్రం దానిమీదే. సాల్మొనెల్లా వంటి క్రిములు ఉడికితే చస్తాయి, ఉల్లిపాయను ఎవరు ఉడికిస్తారు? మాంసాన్ని కుళాయి కింద కడిగినా అవి పోవు, తుంపరలతో చుట్టూ చిందుతాయి.

తాజాదనం వేరు, ఆరోగ్యం వేరు. హైదరాబాదు శివారులోని చెంగిచర్ల వంటి కబేళాల్లో పశువైద్యుడు కోతకు ముందు జీవాన్ని, కోశాక కార్జాన్ని, ఊపిరితిత్తులను చూసి ముద్ర వేయాలి. ఏదో పైపైన చూసి వదిలేసే పని కాదు కనుకనే, ఒక్కో వైద్యుడు గంటకు 12, రోజుకు 96 జీవాలకు మించి చూడరాదని 2001 నాటి కబేళా నిబంధనలు చెబుతున్నాయి. దొమ్మరోగం (ఆంత్రాక్స్) ఉన్న జీవాన్ని కోస్తే కోసినవాడికీ ముప్పే. ఇక ఆ కుక్కల సంగతి. నీటిబుడగల్లాంటి తిత్తులున్న కార్జం, ఊపిరితిత్తులు తిన్న కుక్క పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది, దాని గుడ్లు మట్టిలో, నీళ్లలో కలిసి మన కాలేయానికే తిత్తులు తెస్తాయి. మటన్ ముట్టనివారికి కూడా ఈ బెడద తప్పదు.

కొనేవారు ముక్కలు కొట్టకముందే వెళ్లి, వేలాడే తొడమీద ముద్ర చూడండి. "అరిగిపోయింది", "అటువైపు ఉంది" అంటే తిప్పి చూపించమనండి. ఆహార భద్రత సంస్థ ఉచిత నంబరు 1800112100. నేను ఫిర్యాదు చేశాను. ఈ ఆదివారం ఆ కొట్టు తెరిచే ఉంది, వరుసలో పదిమందికి పైనే నిలబడి ఉన్నారు.