మలక్‌పేట షెడ్డులో మా పాత బుల్లెట్

మా నాన్నగారి 1989 నాటి బుల్లెట్ 350 ఆరేళ్ళపాటు అపార్ట్‌మెంటు సెల్లార్‌లో కవరు కప్పుకొని నిలిచిపోయింది. దానిని మళ్ళీ నడిపించాలని మా కాలనీలోని ఒక మెకానిక్‌కు అప్పగిస్తే, ఆయన ఏ పరీక్షా చేయకుండా కార్బురేటర్ మొత్తాన్నీ మార్చి, నాలుగు వేల రూపాయలు పుచ్చుకున్నారు. బండి పది నిమిషాలు నడిచేది, ఇంజను వేడెక్కగానే ఆగిపోయేది, చల్లారాక మళ్ళీ మొదటి కిక్కుకే అందుకునేది. ఈ తంతుతో విసిగి, మిత్రులు చెప్పగా, పాత బుల్లెట్లు, యెజ్డీలు మాత్రమే చూసే మలక్‌పేటలోని ఒక బోర్డు లేని షెడ్డుకు దానిని ట్రాలీ ఆటోలో చేర్చాను.

అందరూ ఉస్తాద్ అని పిలిచే అక్కడి పెద్దాయన కార్బురేటర్ జోలికి పోలేదు. "వేడి మీదనే ఆగుతుందా సార్?" అని అడిగి, అవుననగానే, ప్లగ్గులో నిప్పు పుట్టించేందుకు కరెంటును కలిపి తెంచే రెండు లోహపు ముక్కలైన పాయింట్ల మూత విప్పారు. పాయింట్లు నల్లగా కమిలి, ఒకదానిపై సన్నని గుంట, రెండవదానిపై ఆ గుంటలో సరిగ్గా ఇమిడే మొటిమ కనిపించాయి. స్విచ్ వేసి స్క్రూడ్రైవర్ మొనతో వాటిని విడదీస్తే వాటి మధ్యనే పెద్ద మెరుపు మెరిసింది. పాయింట్లు విడిపోయే క్షణంలో ఆ కరెంటును తనలోకి తీసుకోవలసిన కండెన్సర్ దెబ్బతిన్నదనీ, వేడెక్కేకొద్దీ అది మరింత లీకవుతున్నందువల్లనే ప్లగ్గు దగ్గర నీలంగా చిటపటలాడవలసిన నిప్పు పసుపుబారి నీరసపడుతోందనీ ఆయన వివరించారు. కొత్త కండెన్సర్, పాయింట్లు వేసి, ఎడం కొలిచే సన్నని రేకుల ఫీలర్ గేజ్‌తో పాయింట్ల ఎడాన్ని 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉంచారు. ఆ తరువాత పిస్టన్ పైకొసకు 0.8 మిల్లీమీటర్ల ముందు పాయింట్లు తెరుచుకునేలా టైమింగ్ కుదిర్చారు. అవి తెరుచుకున్న క్షణాన్ని హెడ్‌లైట్ పక్కనున్న ఆంపియర్ మీటరే చూపించింది. ముల్లు సున్నాకు తిరిగి రాగానే ఆయన చేయి ఆగేది. అంత నిదానంగా పనిచేసే మనిషిని నేను ఈ మధ్య చూడలేదు.

ఇంధనం వైపు పని దీనికి తీసిపోలేదు. మొదటి మెకానిక్‌ను నేను అడిగి తెచ్చుకున్న పాత కార్బురేటర్‌నే ఆయన తిరిగి బిగించారు. నిలవ పెట్రోలు ఆవిరై మిగిల్చిన జిగురు, బండి స్లోలో ఉన్నప్పుడు పెట్రోలు అందించే సన్నని రంధ్రమైన పైలట్ జెట్‌ను పూర్తిగా మూసివేసింది. పని నేర్చుకుంటున్న షాగిర్దు పిన్నుతో పొడవబోతే, రంధ్రం పెద్దదైతే స్లోలో బండి ఎప్పటికీ నిలవదని వారించి, క్లీనర్‌లో నానబెట్టి, గాలి కొట్టించి, జెట్‌ను బల్బుకు ఎదురుగా పట్టుకొని సూదిమొనంత వెలుగు గుండ్రంగా కనిపించాకనే సరేనన్నారు. ట్యాంకులోని తుప్పును నట్లు వేసి కుదిపి వదలగొట్టి, పెట్రోల్ కాక్‌కు కొత్త జాలీ వేశారు. ఇప్పటి పెట్రోలులో కలిసే ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది కనుక పైపునూ వాషర్లనూ మార్చారు. నెలల తరబడి నడపనప్పుడు ట్యాంకునూ, కార్బురేటర్ అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నెనూ ఖాళీ చేసి ఉంచమన్నారు.

లోపాలూ ఉన్నాయి. అయిదు రోజులని చెప్పి పందొమ్మిది రోజులు చేశారు. రాణీగంజ్‌లో సామాను దొరకలేదన్నది ప్రతిసారీ వినిపించిన సమాధానం. బిల్లు పేరిట ఇచ్చింది సిగరెట్ అట్ట వెనుక రాసిన అంకెలు. ట్యాంకు శుభ్రం చేసేటప్పుడు మూత చుట్టూ రంగు పోయింది, దానికి ఏ సర్దుబాటూ చేయలేదు. మొత్తం ఖర్చు 5,200 రూపాయలు; అందులో కండెన్సర్ ధర మూడు వందల లోపే.

అయినా నేను ఇతరులను నిస్సంకోచంగా అక్కడికే పంపుతాను, తొందర లేనివారినైతేనే. మొన్న మలక్‌పేట నుంచి ఉప్పల్ దాకా మిట్టమధ్యాహ్నపు ట్రాఫిక్‌లో నడిపాను. ప్రతి సిగ్నల్ దగ్గరా ఇంజను ఆగిపోకుండా స్లోలో నిలిచింది. వెళ్ళేవారు తమ బండి నుంచి ఇదివరకు తీసేసిన పాత భాగాలేవైనా ఉంటే పారేయకుండా వెంట తీసుకెళ్ళండి, ఆయన ముందుగా అడిగేది వాటినే.