ఉలికిపాటా, ఉత్కంఠా: దెయ్యం సినిమాకు ఏది మేలు?

హాలంతా ఒక్కసారిగా కెవ్వుమంటే సీను పండిందనుకుంటారు. కానీ ఉలిక్కిపడటం వేరు, భయపడటం వేరు. వెనక తలుపు ధడాలున పడినా ఉలిక్కిపడతాం, అందులో దెయ్యం గొప్పేముంది?

ఇలా హఠాత్తుగా ఉలిక్కిపడేలా చేసే కిటుకును జంప్‌స్కేర్ అంటారు. దాని తయారీ తేలిక. నాలుగైదు సెకన్లు సంగీతం ఆపేసి, ఫ్రేములో ఒక పక్క ఖాళీ ఉంచి, పాత్ర తల తిప్పగానే అక్కడ ముఖం పెట్టి శబ్దం పేల్చడమే. ముఖం కూడా అక్కర్లేదు. 1942 నాటి 'క్యాట్ పీపుల్'లో ఒంటరిగా నడిచే అమ్మాయి పక్కన బస్సొకటి బుస్సుమంటూ వచ్చి ఆగుతుంది, అంతే. నిర్మాత వాల్ ల్యూటన్ పేరు మీద ఆ కిటుకుకు 'ల్యూటన్ బస్' అనే పేరు స్థిరపడింది. చిక్కల్లా రెండోసారి వాడినప్పుడే. సంగీతం ఆగగానే ప్రేక్షకుడు చెవులు మూసుకుంటాడు.

ఉత్కంఠ సంగతికొస్తే దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన బాంబు లెక్క తెలిసిందే: బల్ల కింద బాంబు హఠాత్తుగా పేలితే 15 సెకన్ల ఆశ్చర్యం, ముందే చూపిస్తే 15 నిమిషాల ఉత్కంఠ. అయితే బాంబు ఏం చేస్తుందో అందరికీ తెలుసు. దెయ్యం ఏం చేయగలదో రచయిత చెబితే తప్ప తెలీదు. చాలా స్క్రిప్టులు బోల్తా పడేది ఇక్కడే.

మొదటి అరగంటలోనే ఒక్క నియమం పెట్టాలి, అదీ మాటల్లో కాదు, జరిపి చూపించాలి. దీపం వెలుగుతున్న గదిలోకి అది రాదనుకోండి. ఇక దెయ్యాన్ని చూపించే పనే లేదు. ప్రమిద అడుగున మిగిలిన నూనె, చిటపటలాడుతూ కుంగుతున్న వత్తి, గోడ మీద కురచవుతున్న వెలుగు, పక్కనే నిద్రపోతున్న పిల్ల. కట్ చేయకుండా ఇరవై సెకన్లు ఉంచితే చాలు. క్లైమాక్సులో అవసరం పడిందని అదే దెయ్యాన్ని వెలుగులోకి తెచ్చారో, భయం అక్కడితో సరి. ఏదైనా జరగొచ్చంటే ఇక దేనికి ఎదురుచూడాలి? నియమాలు నాలుగైదైనా కష్టమే, వాటిని వివరించడానికి ఒక మంత్రగాడు దిగుతాడు.

నా ఓటు ఉత్కంఠకే. జంప్‌స్కేర్‌ను పూర్తిగా మానేయమని కాదు, సినిమా మొత్తానికి ఒకటి, మహా అయితే రెండు. అదీ దీపంలో నూనె పోశాక, అమ్మయ్య అనుకుని పాత్రలు కబుర్లలో పడ్డాక, సంగీతం ఆపకుండా, మాట సగంలో ఉండగా.