ప్లేయర్ ఇంకా ఆడుతోంది, పెళ్లి సీడీలే పోతున్నాయి

నల్లగొండ ప్రకాశం బజార్‌లో కొన్న డీవీడీ ప్లేయర్ మా ఇంట్లో ఏళ్ల తరబడి నడుస్తోంది. ట్రే బెల్టు మార్పించాం, లెన్స్ తుడిపించాం, అంతే. రిమోట్ మాత్రం దండగ. అసలు తేడా డిస్కుల్లోనే కనిపించింది.

కొన్న సినిమా డిస్కులో బొమ్మ, సౌండ్ రెండూ కంటికి ఆనని గుంటలుగా అచ్చయి ఉంటాయి, పైన అల్యూమినియం పూత. లేజర్ వెలుగు గుంట అంచు దగ్గర మారితే 1, మారకుంటే 0. ఈ వరస లోపలి నుంచి బయటికి చుట్టుకుంటూ పోతుంది. సీడీలో వరసకీ వరసకీ ఎడం 1.6 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), డీవీడీలో 0.74. అందుకే వీసీడీలో, అంటే వీడియో నింపిన సీడీలో, 74 నిమిషాలే పట్టి సినిమాకు రెండు డిస్కులు కావాల్సొచ్చేది.

వీసీడీ, బొమ్మలో ఏం మారిందో ఎక్కువగా అదే రాసిపెట్టుకుంటుంది కాబట్టి, పెళ్లిపీటల మీద కూర్చున్నవాళ్లు వీసీడీలో నీట్‌గానే కనిపిస్తారు. బతుకమ్మ ఆటకొచ్చేసరికి చప్పట్లు కొట్టే చేతులు గళ్లుగళ్లుగా విడిపోతాయి. అంత కదలికకు సెకనుకు 1150 కిలోబిట్లు చాలవు. 352×288 బొమ్మను పెద్ద టీవీలో చూస్తే ఇంకా అన్యాయం. డీవీడీ 720×576, ఆ బాధ తక్కువ.

"ఆ పెళ్లి క్యాసెట్ పెట్టు బిడ్డా" అని అమ్మ అడిగితేనే నాకు భయం. స్టూడియోవాళ్లు రాసిచ్చిన డిస్కులో గుంటలుండవు. లేజర్ వేడికి రంగు మారిన మచ్చలే ఉంటాయి. మన ఎండలకు బీరువా మీద పెడితే ఆ రంగు పాడవుతుంది. పైగా కంప్యూటర్ ఫైళ్లయితే ఒక్కో సెక్టారులో (డిస్కులోని చిన్న ముక్కలో) 2048 బైట్లే రాసి, మిగతా చోటు తప్పులు దిద్దుకోవడానికి వదులుతారు. వీసీడీ వీడియోకు 2324 బైట్లు నింపేస్తారు, ఆ అదనపు కాపలా ఉండదు. అందుకే చిన్న గీతకే తలంబ్రాల దగ్గర ఆగి, సన్నాయి 'టిక్ టిక్' మంటుంది.

అందరూ కింది వైపే జాగ్రత్త పడతారు. అక్కడ 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ఉంది, పైపై గీతలు పాలిష్‌తో పోతాయి. సీడీలో మెరిసే లోహపు పూత ఉన్నది పేరు రాసే వైపు, పల్చటి వార్నిష్ కిందే. ట్యూబ్‌లైట్‌కు ఎదురుగా పెట్టి చూడండి, చుక్కలుచుక్కలుగా వెలుతురు వస్తే అక్కడి సమాచారం పోయినట్టే. డీవీడీలో అది రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది, కాబట్టి నయం.

ప్లేయర్‌కు అయిదుకు నాలుగు మార్కులిస్తా. పెళ్లి వీసీడీలుంటే మాత్రం కంప్యూటర్‌లో పెట్టి MPEGAV అనే ఫోల్డర్‌లోని .DAT ఫైలు ఇప్పుడే కాపీ చేసుకోండి, వీఎల్‌సీ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌లో ఆడుతుంది.