దుంగలు మోయడానికి ఏ బండి మేలు: తోపుడుదా, బ్యాటరీదా, పెట్రోలుదా?

ఒక మోస్తరు చెట్టును కొట్టించిన రోజున పెరట్లో రెండు కుప్పలు మిగులుతాయి. ఒకటి దుంగలది, రెండోది కొమ్మలూ రెమ్మలూ ఆకులూ కలగలిసినది. కంటికి రెండో కుప్పే కొండంత కనిపిస్తుంది గానీ బరువంతా మొదటి దానిలోనే ఉంటుంది. మోటారు బండి కొనదలచినవారు ముందుగా అడిగే ప్రశ్న "ఎన్ని కిలోలు మోస్తుంది?" అన్నది. ఆ ప్రశ్న దుంగల కుప్పకే వర్తిస్తుంది. కొమ్మల కుప్ప విషయంలో కిలోలతో పనే లేదు, అక్కడ తొట్టి ఎంత పెద్దదన్నదే లెక్క. ఈ తేడాను పట్టించుకోకుండా బండి కొన్నవారు తరువాత మోటారును తిట్టుకుంటారు, తప్పు మాత్రం తొట్టిది.

అడ్డుకొలత 30 సెంటీమీటర్లు, పొడవు 40 సెంటీమీటర్లు ఉన్న దుంగ ఒకటి తీసుకుందాం. దాని ఘనపరిమాణం 28 లీటర్ల వరకు వస్తుంది. గట్టి జాతి చెట్టుదై, అప్పుడే కోసినదైతే అది 25 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. అదే దుంగను చీల్చి, తేమ 20 శాతానికి దిగేదాకా ఆరబెడితే బరువులో మూడో వంతు దాకా తగ్గిపోతుంది. అంటే తొందర లేనివారు కట్టెలను కోసిన చోటే చీల్చి, కొన్ని నెలలు ఆరనిచ్చి, ఆపైన తరలిస్తే, తొట్టి చాలక కాక బరువు వల్లే మోత ఆగిపోయే ఏ బండికైనా ప్రతి మూడు ట్రిప్పులలో ఒకటి దాకా ఆదా అవుతుంది. బండ్ల పోలికలలో ఈ మాట ఎవరూ చెప్పరు, ఎందుకంటే దీనికి కొనవలసినది ఏమీ లేదు.

ఇక తొట్టి సంగతి. వంద లీటర్ల తొట్టిలో కట్టెలు నింపితే వాటి మధ్య సందులు పోగా నికరంగా పట్టే కలప 60 లీటర్లకు మించదు. పచ్చి కలపే అయినా అది 55 కిలోలు, గోపురంలా పేరిస్తే మరో 20 కిలోలు. కాబట్టి "150 కిలోల సామర్థ్యం" అని రాసి ఉన్న బండికి వంద లీటర్ల తొట్టి మాత్రమే ఉంటే, ఆ సామర్థ్యం తడి ఇసుకకో రాళ్లకో ఉపయోగపడుతుంది తప్ప కట్టెలకు కాదు. కొమ్మలైతే చెప్పనే అక్కరలేదు, పది కిలోలకే తొట్టి నిండి పొర్లిపోతుంది. అందుచేత కట్టెల కోసం, పెరటి చెత్త కోసం బండి కొనేవారు లోతైన ప్లాస్టిక్ తొట్టి ఉన్న నమూనాను కాక, చుట్టూ ఊచల అంచులు ఉండి, అవి పక్కలకు వాలిపోయి బల్లపరుపుగా మారే నమూనాను ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. బల్ల మీద కొమ్మలను పొడవునా ఒకే దిశలో పేర్చి, పైన ఒక తాడు బిగిస్తే తొట్టిలో పట్టేదానికి మూడు నాలుగు రెట్లు ఒక్కసారే కదులుతుంది.

శ్రమ ఎక్కడ పోతోందన్నది కూడా ముందే తేల్చుకోవాలి. ఒకసారి గడియారం దగ్గర పెట్టుకుని చూశాను. బండికి దుంగలు ఎత్తడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది, వంద మీటర్లు నడిపించడానికి రెండు నిమిషాలైనా పట్టలేదు, తొట్టి వంచి ఒంపడం ఒక నిమిషంలో అయిపోయింది. మోటారు తగ్గించేది ఆ రెండు నిమిషాల శ్రమనే. తొమ్మిది నిమిషాల నడుము నొప్పిని అది ముట్టుకోదు. కనుక వేగంగా నడిచే బండికీ నెమ్మదిగా నడిచే బండికీ రోజు మొత్తం మీద తేడా కనిపించదు. నేల నుంచి బల్ల ఎంత ఎత్తున ఉందన్నది మాత్రం బాగా కనిపిస్తుంది. మోకాలి ఎత్తున ఉన్న బల్ల మీదికి 25 కిలోల దుంగను దొర్లించవచ్చు, నడుము ఎత్తున ఉంటే ప్రతిదాన్నీ పైకెత్తవలసిందే.

ఇప్పుడు బండ్ల దగ్గరికి వద్దాం. మోటారు లేని ఒంటిచక్రం తోపుడు బండిని చిన్నచూపు చూడనక్కరలేదు. చదునైన నేల, 30 మీటర్ల లోపు దూరం, ఏడాదికి నాలుగైదు సార్లు పని అయితే దానికి మించినది లేదు. దాని బలహీనత చక్రం ముందుండడం, దానివల్ల బరువులో సగం దాకా మన చేతుల మీద పడడం. చైనాలో ప్రాచీన కాలం నుంచి వాడిన ఒంటిచక్రపు బండ్లలో పెద్ద చక్రాన్ని బరువు నడిమధ్యన పెట్టేవారు, మోత చక్రానిది, తోపు మాత్రమే మనిషిది. మోటారు బండ్లను పరిశీలించేటప్పుడు కూడా ఈ సూత్రాన్నే చూడాలి. మోటారు తిప్పే ఇరుసు మీద బరువు పడాలి. అలా కాక బరువు వెనక చిన్న చక్రాల మీద పడితే తడి గడ్డి మీద ముందు చక్రాలు ఉన్న చోటే గిర్రున తిరుగుతాయి, బండి మాత్రం కదలదు.

మోటారుకు ఎంత శక్తి కావాలన్నది తేలికగానే లెక్క కట్టవచ్చు. బండి బరువు 60 కిలోలు, మోత 140 కిలోలు, మొత్తం 200 కిలోలు అనుకుందాం. పది మీటర్లకు ఒక మీటరు లేచే ఏటవాలు మీద దాన్ని పైకి లాగడానికి సుమారు 20 కిలోల బరువును ఎత్తేంత బలం కావాలి. మెత్తని గడ్డి నేల చక్రాలను పట్టి ఆపుతుంది గనుక దానికి మరో 20 కిలోలంత బలం కలపాలి. సెకనుకు ఒక మీటరు, అంటే నెమ్మదైన నడక వేగంతో ఇది దాదాపు 400 వాట్లు అవుతుంది. ఒక హార్స్‌పవర్ 746 వాట్లు కాబట్టి ఇది అర హార్స్‌పవర్‌కు కాస్త ఎక్కువ. గంటల తరబడి ఆగకుండా పని చేసే మనిషి నుంచి వచ్చేది 75 వాట్ల దరిదాపుల్లోనే. చేతితో తోస్తే ఈ బండి ఎందుకు కదలదో, కొద్దిపాటి మోటారుకే ఎందుకు కదులుతుందో ఈ రెండు అంకెలు చెబుతాయి.

బ్యాటరీ సరిపోతుందా అన్న భయం చాలామందికి ఉంటుంది. 24 వోల్టులు, 20 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 480 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. పై లెక్కలోని బండిని వంద మీటర్లు మెట్టకు లాగి, ఖాళీగా తిరిగి దింపడానికి, మోటారులోనూ గేర్లలోనూ పోయే నష్టాన్ని కలుపుకొని, 22 వాట్-అవర్లు ఖర్చవుతాయనుకోవచ్చు. లెడ్ ఆసిడ్ బ్యాటరీ నాలుగు కాలాలు మన్నాలంటే సగానికి మించి వాడకూడదు, అయినా పది ట్రిప్పులు వస్తాయి, అంటే 1.4 టన్నుల కలప. ట్రిప్పుకు తొమ్మిది నిమిషాల చొప్పున ఎత్తుడుకే గంటన్నర పడుతుంది. బ్యాటరీ దిగేలోపు మనిషే చతికిలబడతాడు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే నిల్వలో 80 శాతం దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు, తేలిక కూడా. కాకపోతే 0 డిగ్రీలకు దిగువన గడ్డకట్టే చలిలో దానికి ఛార్జింగ్ పెట్టకూడదు. లెడ్ ఆసిడ్‌ను చంపేది పని కాదు, ఖాళీ అయిన బ్యాటరీని ఛార్జింగ్ పెట్టకుండా కొట్టంలో నెలల తరబడి వదిలేయడం.

పెట్రోలు బండికి ఈ బెంగ ఉండదు. డబ్బాలో మరో రెండు లీటర్లు ఉంటే సాయంత్రం దాకా ఢోకా లేదు. ఈ రకంలో ఎక్కువగా కనిపించేవి చక్రాలకు బదులు రబ్బరు ట్రాకులు ఉన్నవి, 300 నుంచి 500 కిలోల వరకు మోసేవి. వాన వెలిసిన మరునాటి బురదలో, గోతులున్న నేలలో, నిలువు మెట్టలో వీటికి సాటి లేదు, ఎందుకంటే బరువు పొడవాటి ట్రాకు అంతటా పరుచుకొని నేల మీద ఒత్తిడి తగ్గుతుంది. అయితే తిన్నగా నడిచినంతసేపే అవి నేలను మన్నిస్తాయి. మలుపు తిరిగేటప్పుడు ఒక ట్రాకును ఆపి రెండోదాన్ని తిప్పుతాయి కాబట్టి ఆ చోట గడ్డి చాపలా చుట్టుకొని లేచిపోతుంది. పచ్చికను బిడ్డలా సాకేవారు ఇది కళ్లారా చూశాక కొనడం మంచిది. కొమ్మల మధ్య నడిపేటప్పుడు మరో చిక్కు ఉంది. బొటనవేలంత లావు పుల్ల ఒకటి ట్రాకుకూ లోపలి రోలరుకూ నడుమ దూరితే ట్రాకు పక్కకు జారి ఊడివస్తుంది. దాన్ని మళ్లీ ఎక్కించడానికి మోత అంతా దింపి, బండిని దిమ్మెల మీద నిలబెట్టి, బిగువు సడలించాలి. చక్రాల బండికి ఆ గొడవ లేదు గానీ ముళ్లున్న చెట్ల దగ్గర గాలి టైర్లు నిలవవు, లోపల ఫోమ్ నింపిన టైర్లు వేయించుకోవాలి.

ఇంజనుకు ఉండే చాకిరీ వేరు. ఏడాదిలో పది రోజులు మాత్రమే పని చేసే ఇంజనులో మిగిలిన పెట్రోలు నిలవ ఉండి జిగురై కార్బురేటరు సన్నని రంధ్రాలను మూసేస్తుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలైతే గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సీజను ముగిసినప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను దానంతట అదే ఆగిపోయేదాకా నడిపే అలవాటు ఉన్నవారికి ఇది సమస్య కాదు. ఆ అలవాటు లేనివారు పని పడిన రోజు పొద్దున్నే తాడు లాగి లాగి భుజం పట్టేయించుకుంటారు. తలుపులు మూసిన కొట్టంలో దాన్ని నడపడం ప్రాణాంతకం, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.

గడ్డి కోసే చిన్న ట్రాక్టరు ఇప్పటికే ఉన్నవారికి దాని వెనక తగిలించే ట్రక్కు చాలా చవకగా పని కానిస్తుంది. చదునైన విశాలమైన స్థలానికి నిస్సందేహంగా అదే మేలు. ఇరుకు సందులలో వెనక్కి నడపడం నేర్పుతో కూడిన పని. వాలు మీద ట్రాక్టరు కంటే ట్రక్కు బరువెక్కితే వెనక నుంచి అదే తోసుకొచ్చి, ట్రాక్టరును మడత పెట్టేస్తుంది. తయారీదారు పుస్తకంలో లాగుడు బరువుకూ వాలుకూ ఇచ్చిన పరిమితులు ఊరికే రాసినవి కావు.

వాలు ప్రస్తావన వచ్చింది కనుక అసలైన విషయం చెప్పాలి. బండి ఎక్కగలదా అన్నది అందరూ చూస్తారు, నిండు మోతతో దిగేటప్పుడు నిలుస్తుందా అన్నది ఎవరూ చూడరు. మంచి బ్యాటరీ బండ్లలో చేతి మీట వదిలిన క్షణానే విద్యుదయస్కాంత బ్రేకు ఇరుసును పట్టేస్తుంది. కొన్నింటిలో అది ఉండదు, మీట వదిలితే చక్రాలు స్వేచ్ఛగా దొర్లుతాయి. బ్రేకు ఉన్న బండిలో కూడా, బ్యాటరీ అయిపోతే చేత్తో తోసుకోవడానికి వీలుగా గేర్ల పట్టు విడిపించే చిన్న మీట ఒకటి ఉంటుంది. దాన్ని విడిపిస్తే బ్రేకు కూడా పోతుంది. ఒక మూలన బండిని చేత్తో తిప్పుకోవడానికి నేను దాన్ని విడిపించి, తిరిగి వేయడం మరిచాను. దుంగలు నింపి వాలు మొదట్లో చేతులు వదిలి చేతితొడుగులు తీసుకోబోయేసరికి బండి దానంతట అది కదిలింది. వెంటపడి పట్టుకోబోయి ఆగిపోయాను. ఆ సందర్భంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే. అది పోయి కంచె స్తంభాన్ని గుద్దుకుంది, దుంగలన్నీ స్తంభం అవతలికి దొర్లాయి. తప్పు పూర్తిగా నాదే అయినా, ఆ మీటకు ఎర్ర రంగు వేసి ఉంటే బాగుండునని ఆ సాయంత్రమే ఒక డబ్బా తెచ్చి వేశాను.

ఏది మేలన్న ప్రశ్నకు నా సమాధానం ఇది. వాలు పదికి ఒకటి లోపు ఉండి, దూరం 30 నుంచి 150 మీటర్ల మధ్య ఉండి, నేల ఎక్కువ కాలం పొడిగా ఉండేచోట బ్యాటరీ బండిని తీసుకోవాలి, అందులోనూ నాలుగు చక్రాలది. మూడు చక్రాలది ఇరుకులో చక్కగా తిరుగుతుంది గానీ అడ్డవాలు మీద కొమ్మలు ఎత్తుగా పేర్చినప్పుడు పక్కకు ఒరుగుతుంది. బురద, నిలువు మెట్ట, వారాల తరబడి పని ఉన్నచోట మాత్రమే పెట్రోలు ట్రాకుల బండి తన గొప్పతనం చూపిస్తుంది. మామూలు పెరటికి అది బరువూ చప్పుడూ చాకిరీ తప్ప అదనంగా ఇచ్చేది తక్కువ. ఏ బండి తీసుకున్నా పాత తోపుడు బండిని మాత్రం అమ్మేయకండి, పూలమడుల మధ్యకి వెళ్లేది అదొక్కటే.

కొనే ముందు బండిని నిండుగా నింపి, వాలు మధ్యలో ఆపి, మీట వదిలి చూడనివ్వమని అడగండి. అలా చూడనివ్వకపోతే వేరే బండి చూసుకోండి. చూడనిస్తే మీరు బండికి పైవైపు నిలబడి పరీక్షించండి, కిందివైపు కాదు.