కుక్కర్‌లో ఇంకో నాలుగు విజిళ్ళు పెట్టుకోమన్నారు: టోక్యోలో కాస్ట్‌కో సరుకు తెచ్చిపెడతామనే వాళ్ళతో జాగ్రత్త

తూర్పు టోక్యోలో ఉండే తెలుగువాళ్ళలో చాలామందికి లైన్ (LINE) అనే చాట్ యాప్‌లోని ఆ గ్రూపు తెలిసే ఉంటుంది. శుక్రవారం రాత్రి కాస్ట్‌కో (సభ్యత్వ కార్డు ఉన్నవాళ్ళకే అమ్మే పెద్ద హోల్‌సేల్ స్టోరు) లిస్టు పడుతుంది, శనివారం మధ్యాహ్నానికల్లా పేపే (PayPay) అనే ఫోన్ యాప్‌లో డబ్బు పంపాలి, ఆదివారం గ్రూపు నడిపేవాళ్ళు వెళ్ళి కొంటారు, సోమవారం పెట్టె ఇంటికొస్తుంది. పేరు రాయను. ఇంకో ఊళ్ళో ఇంకో పేరుతో ఇదే పద్ధతి నడుస్తోంది కాబట్టి ఎక్కడ ఎలా ముంచుతారో చెప్తాను, మీ దగ్గరున్న గ్రూపుతో మీరే సరిపోల్చుకోండి.

నేను పెట్టిన ఆర్డరు: బోన్‌లెస్ లాంబ్ షోల్డర్ నాలుగు కిలోలు, జీడిపప్పు అరకిలో. సరుకుకి 14,600, కూల్ డెలివరీకి 1,800, మొత్తం 16,400 యెన్‌లు ముందే కట్టించుకున్నారు. ఆగస్టు ఎండల్లో అది వచ్చింది మామూలు తక్యూబిన్‌లో, అంటే చల్లదనం లేని ఇంటి పార్సిల్‌లో.

పెట్టె ఎత్తితే అడుగు అట్ట తడిసి చేతిలోకి వంగిపోయింది. చీటీ మీద కూల్ స్టిక్కరు లేదు. సామాను పేరు రాసేచోట ఆహారం అని ఒక్క మాట. లోపల నాలుగు జిప్‌లాక్ సంచులు, చుట్టూ పాత పేపర్లు, ఐస్ ప్యాక్ ఒక్కటీ లేదు. ప్రతి సంచి మూలలో ఎర్రనీళ్ళు నిలిచి ఉన్నాయి. మాంసం మధ్యలోకి థర్మామీటరు గుచ్చితే 16 డిగ్రీలు. నీళ్ళు వంచేసి తూస్తే నాలుగు కిలోలని చెప్పింది 3 కిలోల 420 గ్రాములు.

ఫోటోలన్నీ పెట్టి అడిగితే వచ్చిన జవాబు ఇది: "కుక్కర్‌లో ఇంకో నాలుగు విజిళ్ళు పెట్టుకోండి అన్నా, ఏం కాదు. ఇండియాలో మనం బజారులో కొనేది ఏ ఫ్రిజ్‌లో ఉంటుంది?" సరే, కూల్ చార్జీ కట్టించుకున్నారుగా, కాస్ట్‌కో బిల్లు ఫోటో ఒకసారి పెట్టండి అంటే, "మనవాళ్ళు కదా అని ఆదివారం పూట మోసుకొచ్చి పెడితే బిల్లు అడుగుతారా? సిగ్గుండాలి" అన్నారు. ఆ మెసేజీ చదివి జవాబు రాసేలోపే గ్రూపులోంచి తీసేశారు. డబ్బు పోయిన బాధ ఒకటైతే, మనవాళ్ళు అన్న మాటని ఇలా వాడుకోవడం అంతకంటే పెద్ద బాధ. పరాయి షాపులో అయితే మొదటి రోజే అడిగేవాళ్ళం బిల్లు. తెలుగులో మాట్లాడారని అడగలేదు. తప్పు అక్కడే జరిగింది, అది మనదే.

ముందు ఆ విజిళ్ళ సంగతి తేల్చాలి, ఎందుకంటే ఆ మాట నమ్మి వండుకునేవాళ్ళు తప్పకుండా ఉంటారు. బాగా ఉడికిస్తే బ్యాక్టీరియా చస్తుంది, నిజమే. కానీ మాంసం గంటల తరబడి వెచ్చగా ఉన్నప్పుడు కొన్ని రకాల బ్యాక్టీరియా విషాన్ని వదిలిపెడుతుంది. స్టెఫైలోకాకస్ వదిలే విషం ఉడికించినా పోదు. ఎన్ని విజిళ్ళు పెట్టినా అది కూరలోనే ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో ఇలాంటి మాంసం వండొద్దు, పారేయండి. వాసన చూసి తేల్చుకుందామనుకోకండి. వాక్యూమ్ ప్యాక్ లాంబ్ ఎంత మంచిదైనా కవరు కోయగానే ఒకరకం ముక్కిపోయిన వాసన వస్తుంది, పావుగంట గాలి తగిలితే పోతుంది. అది పాడైన వాసన కాదు. పాడైతే పుల్లటి వాసన వదలకుండా ఉంటుంది, వేళ్ళకి జిగురు తగులుతుంది. ఇక వెచ్చబడ్డ మాంసం ఏ వాసనా లేకుండా కూడా ప్రమాదకరంగా ఉండొచ్చు.

కూల్ తక్యూబిన్ అంటే ఏంటో తెలిస్తే ఈ మోసం గడప దగ్గరే పట్టుకోవచ్చు. యమాతో అనే పార్సిల్ కంపెనీ వాళ్ళ కూల్‌లో రెండు రకాలు. రిఫ్రిజిరేటెడ్ అయితే 0 నుంచి 10 డిగ్రీల మధ్య, ఫ్రోజెన్ అయితే మైనస్ 15 లేదా అంతకంటే తక్కువ. పెట్టె 120 సైజు (పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 120 సెంటీమీటర్లు) దాటకూడదు, బరువు 15 కిలోలు దాటకూడదు. ఇచ్చేముందే సరుకుని చల్లబరచాలి: రిఫ్రిజిరేటెడ్‌కి కనీసం 6 గంటలు, ఫ్రోజెన్‌కి కనీసం 12 గంటలు. వాళ్ళ బండి ఉన్న చల్లదనాన్ని నిలబెడుతుందే తప్ప వేడి సరుకుని చల్లబరచదు. ఇంకోటి, కన్వీనియెన్స్ స్టోర్లలో (ఇక్కడ కొంబిని అంటారు) కూల్ పార్సిల్ తీసుకోరు. కాబట్టి "కింద కొంబినిలో కూల్ వేసేశాను" అని ఎవరైనా అంటే అది అబద్ధం, అక్కడికక్కడే తేలిపోతుంది. డెలివరీ మనిషి వెళ్ళేముందే చీటీ మీద కూల్ స్టిక్కరు ఉందో లేదో చూడండి. లేకపోతే పెట్టె తీసుకోవాల్సిన పని లేదు. ఉకెతొరి క్యోహి (తీసుకోవడం లేదు) అంటే చాలు, వెనక్కి తీసుకెళ్తారు. తెరిచాక, సంతకం పెట్టాక ఈ దారి ఉండదు.

ఇప్పుడు లెక్క. ఆ గ్రూపు లిస్టులో ప్రతి సరుకు పక్కనా "షాపు ధర + ట్యాక్స్ 10% + మా చార్జీ 15%" అని ఉంటుంది. చూడ్డానికి నిజాయితీగానే కనిపిస్తుంది. జపాన్‌లో 2021 ఏప్రిల్ 1 నుంచి షాపుల్లో పన్నుతో కలిపిన ధరే చూపించాలని నియమం ఉంది, కాస్ట్‌కోలో సరుకు మీద వేలాడే కార్డులోనూ పన్నుతో కలిపిన ధర ఉంటుంది. దాని మీద మళ్ళీ ట్యాక్స్ ఏంటి? పైగా తిండి సరుకుకి పన్ను 8 శాతమే, 10 కాదు. షాపులో 1,000 యెన్‌లు అని ఉన్న జీడిపప్పులో 926 సరుకు ధర, 74 పన్ను. వీళ్ళు ఆ 1,000 మీద 10 శాతం వేసి 1,100 చేసి, దాని మీద 15 శాతం వేసి 1,265 పుచ్చుకుంటారు. చార్జీ 15 కాదు, ఇరవై ఆరున్నర. ఈ ఆర్డరులో 14,600కి అసలు సరుకు ధర సుమారు 11,540, అంటే మూడు వేల పైచిలుకు పైకం వాళ్ళ జేబులోకి. 2025 మే 1 నుంచి కాస్ట్‌కో గోల్డ్ స్టార్ సభ్యత్వం ఏడాదికి 5,280 యెన్‌లు. ఇలాంటి ఆర్డర్లు రెండు పెడితే సొంత కార్డు డబ్బు కంటే ఎక్కువే వదిలించుకున్నట్టు.

చార్జీ తీసుకోవడం తప్పని నేననను. స్టోర్లు ఊరి చివర్లలో ఉంటాయి, కారు లేనివాళ్ళకి కష్టం, 36 డిన్నర్ రోల్స్ ప్యాకెట్ పెట్టడానికి ఇక్కడి అపార్ట్‌మెంట్ ఫ్రిజ్‌లో చోటుండదు. పంచి ఇచ్చే మనిషి కష్టానికి డబ్బు ఇవ్వాల్సిందే. దాన్ని ట్యాక్స్ అని పిలవడం మాత్రం మోసం.

చాలామంది ఆలోచించనిది ఇంకోటుంది, నా దృష్టిలో అసలు నష్టం ఇదే. కాస్ట్‌కోలో సరుకు నచ్చకపోతే, పాడైతే వెనక్కిచ్చి డబ్బు తెచ్చుకోవచ్చు. ఎలక్ట్రానిక్స్ లాంటి కొన్నిటికి గడువుంది కానీ తిండి విషయంలో వాళ్ళు పెద్దగా పేచీ పెట్టరు. ఆ హక్కు కొన్న సభ్యుడిది, ఆ కార్డు మీద నమోదైన కొనుగోలుది. మీకు తెచ్చిపెట్టిన మనిషి పక్కకి తప్పుకుంటే మీరు పాడైన సరుకు పట్టుకుని కౌంటరు దగ్గరికెళ్ళినా లాభం లేదు, మీ పేరు మీద ఏమీ కొనలేదు. అంటే ఇరవై ఆరున్నర శాతం ఎక్కువ కట్టి, ఆ స్టోరులో ఉన్న అన్నిటికంటే విలువైన సదుపాయాన్ని వదులుకుంటున్నాం. గ్రూపువాళ్ళు బిల్లు చూపించకపోవడానికి కారణం కూడా ఇక్కడే వెతకండి. బిల్లులో తేదీ, సరుకు నంబరు, ధర అన్నీ ఉంటాయి, చూపిస్తే ట్యాక్స్ కథ ఆ నిమిషంలోనే బయటపడుతుంది.

జీడిపప్పు సంచి మీద మార్కర్‌తో "కాజు 500" అని ఉంది, అంతే. కాస్ట్‌కో సొంత బ్రాండు కిర్క్‌లాండ్ జీడిపప్పు 1.13 కిలోల డబ్బాలో వస్తుంది, దాని మీద తయారీ వివరాలు, గడువు, అలెర్జీ సమాచారం ఉంటాయి. విడగొట్టి సంచిలో పోసి అమ్మితే ఆ లేబుల్ అంతా కొత్త సంచి మీదికి రావాలి, జపాన్ ఆహార లేబుల్ చట్టం అదే చెప్తుంది. రొయ్య, పీత, అక్రోటు, గోధుమ, సోబా (బక్‌వీట్), గుడ్డు, పాలు, వేరుశెనగ వంటి వాటి పేర్లు తప్పకుండా రాయాలి. అక్రోటు 2023లో ఈ జాబితాలో చేరింది. ఒకే గరిటెతో అక్రోట్లు, జీడిపప్పు పోసే ఇంట్లోంచి ఏ లేబులూ లేకుండా వచ్చిన సంచి, నట్స్ పడని పిల్లాడున్న ఇంటికి చేరితే ఏమవుతుందో ఊహించుకోండి. మాంసం సంగతి ఇంకా గట్టిది. పచ్చిమాంసం కోసి పంచి అమ్మాలంటే లైసెన్సు ఉండాలి, వంటింటి బల్ల మీద చేసే పని కాదు. కోసినప్పుడు ఇంకో నష్టం: వాక్యూమ్ కవరు మీది తేదీ కవరు విప్పనంతవరకే. "కవరు మీద ఇంకా పదిరోజులుంది" అని ఫోటో పెడితే నమ్మకండి, విప్పిన రోజుతో ఆ తేదీ పోయింది. తేదీల్లోనూ రెండు రకాలు గుర్తుపెట్టుకోండి. షోహి కిగెన్ దాటితే తినకూడదు. షోమి కిగెన్ దాటితే రుచి తగ్గొచ్చు, అంతే. ఫ్రోజెన్ కాని పచ్చిమాంసం మీద ఉండేది షోహి.

ఫ్రోజెన్‌గా వచ్చిన సంచిని కూడా తిప్పి చూడండి. ముక్కలన్నీ ఒకే దిమ్మలా అతుక్కుని, కింది మూలలో ఎర్రటి మంచు పలకలా గడ్డకట్టి ఉంటే అది ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకట్టిన మాంసం. కరిగినప్పుడు కారిన నీరే ఆ పలక. ఆ నీటికీ మనం కిలో లెక్కన డబ్బు కట్టాం.

ఇప్పటికే ఇలా ఇరుక్కున్నవాళ్ళు పెట్టె, చీటీ పారేయకండి. మాంసం పారేసేముందు థర్మామీటరు కనిపించేలా, తూకం కనిపించేలా, చీటీ కనిపించేలా ఫోటోలు తీయండి. గ్రూపులోంచి తీసేసేలోపు చాట్ సేవ్ చేసుకోండి, తీసేశాక లిస్టు దొరకదు. పేపేలో అవతలివాళ్ళు తీసుకున్న డబ్బుని మనం రద్దు చేయలేం, కాబట్టి ముందే పంపడం మానేయండి. వినియోగదారుల హాట్‌లైన్ 188. లైసెన్సు లేకుండా మాంసం కోసి అమ్ముతున్నారంటే మీ వార్డు హోకెన్‌జో (ప్రజారోగ్య కార్యాలయం)కి చెప్పండి, తిండి విషయం వాళ్ళే చూస్తారు. పోలీసు సలహాకి #9110. ఆన్‌లైన్‌లో వ్యాపారంగా అమ్మేవాళ్ళు పేరు, చిరునామా, ఫోను, వాపసు షరతులు చూపించి తీరాలి. ఈ నాలుగూ అడిగినప్పుడు కోపం తెచ్చుకునే మనిషి దగ్గర కొనకండి. పక్కాగా లేబుల్ వేసి, బిల్లిచ్చి కాస్ట్‌కో సరుకు విడిగా అమ్మే చిన్న షాపులు ఊరూరా ఉన్నాయి. ధర ఎక్కువే, కానీ అడ్రసు ఉంటుంది.

సొంతంగా వెళ్ళడం అనుకున్నంత కష్టం కాదు. తూర్పు టోక్యోలోని కసాయ్ రింకై కోయెన్ స్టేషన్‌లో జేఆర్ కెయ్‌యో (Keiyo) లైన్ ఎక్కితే మకుహరి తోయొసునాలో దిగొచ్చు, స్టోరు ఆ స్టేషన్ చుట్టుపక్కలే. ఒక సభ్యుడితో 18 దాటినవాళ్ళు ఇద్దరు లోపలికి వెళ్ళొచ్చు, పిల్లలు అదనం. అదే ఇంట్లో ఉండే ఇంకొకరికి ఫ్యామిలీ కార్డు ఉచితం. బిల్లు మాత్రం సభ్యుడే కట్టాలి, పంపకం బయటికొచ్చాక చేసుకోండి, బిల్లు అందరి కళ్ళ ముందే ఉంటుంది. ఇంటినుంచి గడ్డకట్టిన ఐస్ ప్యాక్‌లు, జిప్ ఉన్న కూలర్ సంచి తీసుకెళ్ళండి, క్యారీబ్యాగులు ఇవ్వరు. మాంసం ఆఖర్న తీసుకోండి. అమెరికానుంచి చూడ్డానికి వచ్చిన మీవాళ్ళ దగ్గర కాస్ట్‌కో కార్డుంటే అదే ఇక్కడా చెల్లుతుంది. క్రెడిట్ కార్డుల్లో మాస్టర్‌కార్డ్ ఒక్కటే తీసుకుంటారు. వీసా, జేసీబీ, ఇండియానుంచి తెచ్చిన రూపే ఏవీ పనిచేయవు. లేదంటే నగదు దగ్గరుంచుకోండి, బండి నిండా సరుకుతో కౌంటరు దగ్గర నిలబడ్డాక తెలిస్తే వెనక లైను కదలదు.