అమావాస్య చూసుకుని అండమాన్‌కి

అమావాస్య చూసుకుని టికెట్లు తీశానని చెప్పగానే మా అక్క ఫోన్లోనే కేకలేసింది. "అమావాస్య పూట ప్రయాణమేంటే, బుద్ధుందా నీకు!"

నా లెక్క వేరు. అక్కడి హేవ్‌లాక్ దీవిలో రాత్రిళ్లు కొన్ని చోట్ల నీళ్లు వెలుగుతాయి, అది కంటికి ఆనాలంటే వెన్నెల ఉండకూడదు. నీల్ దీవిలో సముద్రం తొలిచిన రాతి వంతెన ఉంది, దాని దగ్గరికి ఆటు సమయంలోనే నడిచి వెళ్లగలం. అమావాస్యకీ పున్నమికీ నీళ్లు మామూలు కంటే బాగా వెనక్కి పోతాయి. రెండు పనులూ ఒక్క అమావాస్యతో తీరతాయని డిసెంబరు మొదటి వారం పట్టాను. తిథి సరిగ్గానే కుదిరింది, నెలే కుదరలేదు.

అక్క, బావగారు, పదేళ్ల మా చింటూ, నేను. ఏడు రోజులు. పోర్ట్ బ్లెయిర్‌కి 2024 నుంచి శ్రీ విజయపురం అని పేరు, హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్. మాకు తగిలినవాళ్లంతా పాత పేర్లే అంటున్నారు, నేనూ అవే రాస్తాను. పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులర్ జైలు చూశాం. ఏడు విభాగాల్లో ఇప్పుడు మిగిలింది మూడే. దానికి ఒక పూట వదిలేయండి, హడావుడిగా చూసే చోటు కాదది.

వెళ్లేవాళ్లు ముందు అలవాటు చేసుకోవాల్సింది అక్కడి పొద్దుని. మన గడియారం కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. అండమాన్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది. అంటే సూర్యుడు నలభై నిమిషాలు ముందే డ్యూటీ ఎక్కి ముందే దిగిపోతాడు. డిసెంబరులో సాయంత్రం అయిదు కాకుండానే పొద్దు గూకింది. మొదటి రోజు భోంచేసి, ఓ కునుకు తీసి, నాలుగున్నరకి తాపీగా బీచ్‌కి బయల్దేరాం. మేం చేరేసరికి అందరూ చెప్పుల ఇసుక దులుపుకుని వెనక్కి వస్తున్నారు.

హేవ్‌లాక్‌లో బస విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మేం మోసపోయింది అక్కడే. అక్కడి బీచ్‌లకి నంబర్లుంటాయి. మూడు, అయిదు తూర్పు వైపు. బసలు ఎక్కువగా అటే. పేరున్న రాధానగర్, అంటే ఏడో నంబరు, పడమటి వైపు. జెట్టీ నుంచి దాదాపు 12 కిలోమీటర్లు. తూర్పు ఒడ్డున ఆటు వేళ రాళ్లు బయటపడతాయి, ఈత కుదరదు. కాబట్టి "బీచ్ ఫ్రంట్" అని డబ్బులు ఎక్కువ పెట్టక్కర్లేదు. మేం పెట్టాం. మా "సీ వ్యూ" గది కిటికీలోంచి నల్ల నీళ్ల ట్యాంకు, దాని వెనకాల కొబ్బరి చెట్లు, మెడ బాగా సాగదీస్తే ఓ నీలి గీత కనపడేవి. బావగారు రిసెప్షన్‌లో గట్టిగా అడిగితే "అదే సార్, సముద్రం" అని ఆ గీతనే చూపించారు. మళ్లీ వెళ్తే తూర్పు వైపు రోడ్డు పక్కన శుభ్రమైన చిన్న గది తీసుకుని, మిగిలింది స్కూటీకి పెడతాను. స్కూటీ ఉంటే రాధానగర్ మన చేతిలో ఉన్నట్టే.

స్కూబా మూడో రోజే పెట్టుకున్నాను, కావాలనే. డైవింగ్ తర్వాత ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోవాలి, విమానం ఎక్కడానికి కనీసం 18 గంటల తేడా ఉంచుకోమంటారు. చివరి రోజుకి స్కూబా పెట్టిన ప్యాకేజీ ఒకటి మాకు వచ్చింది, ఆ ఏజెంటుతో అక్కడితోనే మాటలు ఆపేశాను. ఈత రాకపోయినా పరవాలేదు, నాకూ రాదు. ఆస్తమాలాంటివి ఉంటే మాత్రం ఫారంలో దాచకూడదు. లోపలికి దిగుతుంటే చెవులు పోటెత్తాయి. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదితే టప్పుమని విడిచింది. కింద ఓ చిలక చేప పగడాన్ని పటపటా కొరుకుతున్న చప్పుడు నీళ్లలో వినిపించింది. సంబరం పట్టలేక శిక్షకుడికి బొటనవేలు పైకెత్తి చూపించాను. నీళ్లలో దానికి "పైకి పోదాం" అని అర్థం. పాపం ఆయన నన్ను పైకి తీసుకొచ్చేశాడు! బయల్దేరే ముందు చెప్పారు, నేనే వినలేదు.

ఆ రాత్రి కయాక్. మడ చెట్ల మధ్య తెడ్డు వేస్తే నీటిలో నీలంగా ఓ మెరుపు, అంతలోనే చీకటి. కదిలిస్తేనే వెలిగే సూక్ష్మజీవులవి. చింటూ చెయ్యి ముంచి తీస్తే వేళ్ల సందుల్లోంచి చుక్కలు చుక్కలుగా జారాయి. ఫోన్లో ఏమీ పడలేదు, అక్క ఓ పది ఫోటోలు తీశాక అన్నీ నల్లగా ఉన్నాయని మానేసింది. తిరిగొస్తూ "సరేలేవే, అమావాస్య మంచిదే" అంది.

మర్నాడే అల్పపీడనం. పడవలన్నీ ఆపేశారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతాన్ని నమ్మకూడదు. జనవరి నుంచి ఏప్రిల్ మధ్యలో వెళ్లుంటే సముద్రం నిలకడగా ఉండేది, నీళ్లూ తేటగా ఉండేవి. నీల్ టికెట్ల డబ్బులు వెనక్కి వచ్చాయి గానీ రోజు రాలేదు.

దాంతో బారాటాంగ్ దీవిని మా లిస్టులోంచి కొట్టేశాం. సున్నపురాతి గుహలు బాగుంటాయంటారు. అయితే జిర్కాటాంగ్ చెక్‌పోస్టు నుంచి జారవా ఆదివాసులుండే అడవిలోంచి కాన్వాయ్‌గా పోవాలి, ఆగకూడదు, ఫోటోలు తీయకూడదు. ఆ రోడ్డు మూసేయమని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది, బళ్లు తిరుగుతూనే ఉన్నాయి. ఒకళ్ల పెరట్లోంచి బారులు కట్టి పోవడం నాకు మొదటి నుంచీ ఇబ్బందిగానే ఉంది. వాన పుణ్యమా అని ఇంట్లో గొడవ లేకుండా తేలిపోయింది.

నీల్‌కి ప్రభుత్వ పడవలో వెళ్లాం. డెక్ మీద గాలికి నిలబడొచ్చు. ముందు ఎక్కిన ప్రైవేటు పడవ వేగంగానే పోయింది కానీ, అద్దాలు మూసిన ఏసీలో బావగారు కవరు పట్టుకుని కూర్చున్నారు. వాంతుల మాత్ర ఎక్కడానికి అరగంట ముందు వేసుకోవాలి, ఎక్కాక వేసుకుంటే అది కూడా కవర్లోకే. నీల్‌లో ఊళ్ల పేర్లు సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. రాతి వంతెన దాకా తడి రాళ్ల మీదే నడక, మామూలు చెప్పులు జారతాయి, పట్టు ఉన్నవి కావాలి. రాళ్ల గుంటల్లో పీతలు, సముద్రపు దోసకాయలనే నల్లటి జీవులు. మేం మధ్యాహ్నం చేరేసరికి నీళ్లు బాగా వెనక్కి పోయి ఉన్నాయి. ఒక్క రాత్రే దక్కింది, రెండు ఉంచుకోవాల్సింది.

తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టు స్కానర్ దగ్గర అక్క బ్యాగు ఆపారు. బట్టల మడతల్లోంచి తెల్లటి పగడపు ముక్క బయటికొచ్చింది. పగడాలు వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి, చచ్చినవైనా తీసుకెళ్లకూడదు. అక్క చింటూ వంక చూసింది. చింటూ బావగారి వంక చూశాడు. బావగారు మాత్రం కింద పడని బోర్డింగ్ పాస్ కోసం వెతుకుతున్నారు.